కట్టల మీది బాట: పాలమూరు చెరువుల వెంట సైకిల్ మీద ఆరు రోజులు

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ బాట ఉంది. పైన సోలార్ పలకలు, కింద నీడ. 2023 అక్టోబర్‌లో మొదలైంది. ఆదివారం తెల్లవారుజామున నేనూ, మా అక్క కొడుకూ అక్కడే తొక్కుతాం. బాగుంటుంది, కాదనను. కానీ ఎంత తొక్కినా ఒక ఊరు వదిలి ఇంకో ఊరు చేరినట్టు ఉండదు. ఒకరోజు చాయ్ తాగుతూ మావాడు అడిగాడు, "మామా, బండ్లు లేకుండ ఊర్లకు ఊర్లు పోయే బాట మన దగ్గర ఏడన్న ఉంటదా?" అని.

నాకు వెంటనే చెరువు కట్టలు గుర్తొచ్చాయి. మాది పాలమూరులో, అంటే ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో, కొత్తకోట పక్క పల్లె. చిన్నప్పుడు మేనత్త ఊరికి పోవాలంటే రోడ్డు మీద పోయేవాళ్లం కాదు. కట్ట ఎక్కి, అలుగు దాటి, డొంక (చేల మధ్య బండ్ల బాట) పట్టుకుంటే గంటన్నరలో ఇల్లు. ఆ బాటలు ఎక్కడికీ పోలేదు. వాటికి ఇప్పుడు ఎత్తిపోతల కాలువల కట్టలు కూడా తోడయ్యాయి. వాటన్నిటినీ కలిపి ఒక దారిగా గీయాలని రెండు నెలలు ఉపగ్రహ మ్యాపు ముందేసుకుని కూర్చున్నాను. మ్యాపులో కనపడని చోట చుట్టాలకు ఫోన్ చేసి అడిగాను.

మూడు నియమాలు పెట్టుకున్నాం. హైవేను దాటడం వరకే, తప్పనిసరైతేనే దాని మీద తొక్కాలి. చీకటి పడకముందే ఊరు చేరాలి. అడవి లోపలికి సైకిల్ తీసుకుపోకూడదు. బయల్దేరింది కార్తీక మాసంలో. ఎందుకంటే, అప్పటికి చెరువులు నిండి ఉంటాయి, ఎండ తగ్గుతుంది, బాటల మీద బురద ఆరుతుంది. (బురద గురించి రెండో రోజు చెప్తాను.)

మొదటి రోజు: మదనాపురం – సరళాసాగర్ – వనపర్తి

కాచిగూడ నుంచి కర్నూలు వైపు పోయే రైల్లో సైకిళ్లను సామాన్ల పెట్టెలో వేయించి, వనపర్తి రోడ్డు స్టేషన్లో దిగాం. పేరులో వనపర్తి ఉన్నా స్టేషన్ ఉండేది మదనాపురంలో. దిగగానే హ్యాండిళ్లు సరిచేసుకుని, సంచులు తగిలించుకుని, తలా మూడు లీటర్ల నీళ్లు నింపుకున్నాం.

ముందు సరళాసాగర్. వనపర్తి సంస్థానాధీశుడు రాజా రామేశ్వరరావు తన తల్లి సరళాదేవి పేరు మీద కట్టించిన ప్రాజెక్టు ఇది. 1949లో పునాది పడింది, 1959లో పని పూర్తయింది. మావాడికి చూపించాలనుకున్నది దాని సైఫన్లు. ఇక్కడ గేట్లు ఉండవు. నీళ్లు నిండు మట్టానికి రాగానే కట్టలో కట్టిన వంపు గొట్టాల్లోకి పొర్లుతాయి. పొర్లే నీళ్లు లోపలి గాలిని తమతో లాక్కుపోతాయి. గాలి పోయాక గొట్టం నిండుగా పట్టి ధార ఒక్కసారిగా దూకుతుంది. మట్టం దిగి, గాలి మళ్లీ లోపలికి దూరగానే దానంతటదే ఆగిపోతుంది. పీపాలోంచి కిరోసిన్‌ను పైపుతో పీల్చి వదలడం మా ఇంట్లో అందరికీ తెలుసు. అదే లెక్క, కాకపోతే ఏటి సైజులో. అర్ధరాత్రి వరద వచ్చినా గేటు ఎత్తడానికి మనిషి పరుగెత్తక్కర్లేదు.

మేం పోయిన రోజు నీళ్లు సైఫన్ల అంచుకు మూరెడు కింద ఉన్నాయి. ధార చూడలేకపోయాం. కానీ ఆ నిశ్శబ్దంలో సిమెంటు నోళ్ల దగ్గర కూర్చుంటే, లోపల ఎక్కడో నీటి చుక్కలు పడే చప్పుడు ఒక్కొక్కటిగా వినపడింది. మావాడు ఫోన్ జేబులో పెట్టేసి అలాగే చెవి పెట్టి విన్నాడు.

ఈ కట్టకు 2019 డిసెంబర్ 31న గండి పడింది. తర్వాత మళ్లీ పోశారు. కొత్తగా పోసిన చోటు సైకిల్ టైరుకే తెలిసిపోతుంది. పాత కట్ట మీద నేల ఏళ్ల తరబడి కాళ్లు, గిట్టలు తొక్కి సిమెంటులా గట్టిపడి ఉంటుంది. కొత్త చోట కంకర గరగరమంటుంది.

అక్కడి నుంచి కానాయపల్లి దగ్గరి శంకరసముద్రం వైపు పోయాం. వనపర్తి సంస్థానం చెరువులకు సముద్రాలని పేరు పెట్టుకుంది. సప్త సముద్రాలంటారు. వాటిలో ఇదొకటి, రేపు చూడబోయే రంగసముద్రం ఇంకొకటి. వాన నీళ్ల మీద బతికిన ఈ రెండింటికీ ఇప్పుడు భీమా ఎత్తిపోతల నుంచి కృష్ణా నీళ్లు వస్తున్నాయి. కట్ట మీద తొక్కుతుంటే ఎడమ పక్క నీళ్లు, కుడి పక్క కిందికి ఈత చెట్లు, వాటి కింద కోతకొచ్చిన వరి. ఎనిమిది అడుగుల వెడల్పు మట్టి బాట. అరగంటలో ఎదురొచ్చినవి రెండు బర్రెల మందలు, ఒక మోపెడ్.

కట్ట మధ్యలో కట్టమైసమ్మ. పసుపు రాసిన రాయి, వేపచెట్టు, ఎవరో కట్టిన ఎర్రగుడ్డ. ఈ ఆరు రోజుల్లో ప్రతి కట్ట మీదా మాకు నీడ దొరికింది మైసమ్మ దగ్గరే. కట్ట తెగకుండా కాపాడమని ఊరోళ్లు మొక్కుకునే తల్లి. అలసి వచ్చినవాడికి ఆమె కాడ నీడ ఉండటం న్యాయమే అనిపించింది. ఆగినచోటల్లా మైసమ్మ చుట్టూ పడి ఉన్న ప్లాస్టిక్ గ్లాసులు ఏరి సంచిలో వేసుకున్నాం.

కొత్తకోట దగ్గర 44వ నంబరు జాతీయ రహదారిని కింది దారిలో దాటి, పొద్దు గూకేలోపు వనపర్తి చేరాం. రాజావారి ప్యాలెస్‌లో ఇప్పుడు పాలిటెక్నిక్ కాలేజీ నడుస్తోంది. గేటు బయటి నుంచే చూసి, లాడ్జికి పోయి పడుకున్నాం.

రెండో రోజు: వనపర్తి – శ్రీరంగాపూర్ – జటప్రోలు – కొల్లాపూర్

ఐదున్నరకే బయల్దేరాం. చలి బాగానే ఉంది. వనపర్తి చుట్టూ పల్లి చేలు. యాసంగి పంట కాబట్టి మొక్క ఇంకా జానెడే ఉంది. మంచు పట్టిన ఆకుల మీద ఎండ పడితే చేనంతా వెండి పూసినట్టు కనపడింది.

ఊళ్ల మధ్య చిన్న రోడ్లన్నీ ఈ రోజుల్లో వడ్ల కళ్లాలే. సగం రోడ్డుకు వడ్లు ఆరబోసి, అంచుల వెంట రాళ్లు పేరుస్తారు. కారు నడిపేవాళ్లు విసుక్కోవడం విన్నాను. సైకిల్ మీద పోతే వేరుగా తెలుస్తుంది. ఒక అవ్వ కాళ్లతోనే వడ్లను సాళ్లు తీస్తోంది. పాదం నేలకు ఆనించి అలా జరుపుకుంటూ పోతే కుప్పలో సన్నటి గీత పడుతుంది, కింది వడ్లు పైకొస్తాయి. గీత చివరికి పోయి, తిరిగి, పక్కనే ఇంకో గీత. ఆ చివరి నుంచి ఈ చివరికి దాదాపు రెండు వందల అడుగులు. మేం దిగి సైకిళ్లు నడిపించుకుంటూ పోయాం, ఒక్క గింజ కూడా టైరు కింద పడకుండా.

"దిగుడెందుకు బిడ్డా, పక్కకెళ్లి తొక్కుకుంట పోండ్రి," అంది.

"వడ్లవ్వా," అన్నాను.

"ఆ మాట లారీ డ్రైవర్లకు చెప్పు," అని నవ్వి, కొంగున కట్టుకున్న పల్లికాయలు గుప్పెడు మావాడి చేతిలో పోసింది.

శ్రీరంగాపూర్ రంగనాయకస్వామి గుడి రంగసముద్రం ఒడ్డునే ఉంది. వనపర్తి రాజులు పద్ధెనిమిదో శతాబ్దంలో కట్టించింది. శ్రీరంగంలో స్వామిని చూసి వచ్చిన రాజుకు అలాంటి గుడి తన నేలలో కట్టాలనిపించిందని, కలలో స్వామి కనపడి విగ్రహం ఉన్న చోటికి గరుడపక్షి దారి చూపుతుందని చెప్పాడని ఇక్కడి కథ. మేం కట్ట మీదుగా వచ్చాం కాబట్టి గుడి మాకు మొదట నీళ్లలో కనపడింది. తలకిందులుగా గోపురం, దాని మీద ఈదుతున్న నీటికోళ్లు. రోడ్డు దారిన వచ్చేవాళ్లకు ఈ చూపు దొరకదు. ప్రసాదం పులిహోర తిని, మెట్ల మీద గంటసేపు కూర్చున్నాం.

వీపనగండ్ల దాటాక బురద. కాలువ ఎక్కడో కారి, డొంక మీద యాభై గజాల మేర నల్లరేగడి తడిసి ఉంది. చూస్తే పైన పొర ఆరినట్టే ఉంది. నేను ముందు దిగాను. నాలుగు చుట్లు తిరిగేసరికి చక్రం ఆగిపోయింది. రేగడి మట్టి టైరుకు పొరలు పొరలుగా అంటుకుని, మడ్‌గార్డుకూ టైరుకూ మధ్య కూరుకుపోతుంది. వెనక్కీ రాదు, ముందుకూ పోదు. సైకిల్ ఎత్తి భుజాన పెట్టుకుందామంటే మట్టితో, సంచులతో కలిసి ముప్పై కిలోలైంది. చెప్పులు ఒక్కో అడుగుకు ఒక్కో అంగుళం మందమయ్యాయి. కంది కట్టె విరిచి, గీకి గీకి, బ్రేకుల దగ్గరి మట్టి గోళ్లతో తీసి, ఆ యాభై గజాలకు గంటకు పైగా పట్టింది. ఈ దారిన వచ్చేవాళ్లు మడ్‌గార్డుకూ టైరుకూ మధ్య రెండు వేళ్ల సందు ఉండేలా చూసుకోండి. వానపడ్డ మరునాడు రేగడి నేల మీదికి రావద్దు. ఎర్రనేల అయితే పూటలో ఆరుతుంది, రేగడి మూడు రోజులు పట్టి ఉంచుతుంది.

జటప్రోలు చేరేసరికి మధ్యాహ్నం రెండు. ఒకప్పటి సంస్థానం రాజధాని ఇది. ఆ సురభి వంశం రాజులు తర్వాత కొల్లాపూర్‌కు మారారు. శ్రీశైలం జలాశయం కింద మునిగిపోయే గుళ్లను రాయి రాయికీ గుర్తులు వేసి విప్పి, ఎగువకు తెచ్చి మళ్లీ కట్టారు. జటప్రోలు మదనగోపాలస్వామి గుడి అలా వచ్చిందే. కొల్లాపూర్ మాధవస్వామి గుడి కూడా అంతే. గుళ్లను తేగలిగారు. మునిగిన ఊళ్ల వాకిళ్లు, అరుగులు, చింతచెట్లు అక్కడే ఉండిపోయాయి. మావాడు స్తంభాల మీది శిల్పాలు చూస్తుంటే నేను అతుకుల గీతలు వెతుక్కుంటూ తిరిగాను.

పెంట్లవెల్లి మీదుగా కొల్లాపూర్. చివరి పది కిలోమీటర్లు మామిడి తోటల మధ్య. ఆ రోజు మొత్తం తొక్కింది డెబ్బై కిలోమీటర్ల పైమాటే. రాత్రి జొన్నరొట్టె, ఎర్రకారం, పచ్చి ఉల్లిగడ్డ. మావాడు ఐదు తిన్నాడు.

మూడో రోజు: సోమశిల

ఈ రోజు తొక్కింది తక్కువ. కొల్లాపూర్ నుంచి సోమశిల పది కిలోమీటర్లలోపే. గుట్టల మధ్య వంపులు తిరిగిన రోడ్డు చివర ఒక్కసారిగా కృష్ణ కనపడుతుంది. నది అనాలో, సముద్రం అనాలో తెలియదు. శ్రీశైలం డ్యాం నిండు మట్టం 885 అడుగులు. మేం పోయినప్పుడు దానికి బాగా దగ్గరగా ఉంది. గుట్టలు నీళ్లలోకి దిగి ద్వీపాలైపోయాయి. అవతలి ఒడ్డున నల్లమల నీలంగా లేస్తుంది.

ఇక్కడి లలితా సోమేశ్వర ఆలయం కూడా ముంపు నుంచి పైకి తెచ్చిందే. కార్తీకం కావడంతో ఆడవాళ్లు పుష్కర ఘాట్ మెట్ల మీద దీపాలు వదులుతున్నారు. అరటి దొప్పలో వత్తి, అది మెల్లగా ఘాట్ వదిలి పడవల మధ్యకు పోతుంది. మూడు రోజుల్లో పౌర్ణమి.

మరపడవ ఎక్కి అరగంట తిరిగాం. పడవ నడిపే పెద్దాయన చేయి చాపి సంగమేశ్వరం వైపు చూపించాడు. ఏడు నదులు కలిసే చోటని పేరు, వేప మొద్దుతో చేసిన శివలింగం ఉంటుంది. జలాశయం నిండితే గుడి మునిగిపోతుంది, ఎండాకాలం నీళ్లు దిగితే తేలుతుంది. "ఇప్పుడు సామి నీళ్ల కింద తపస్సుల ఉన్నడు. శివరాత్రి దాటినంక రాండ్రి," అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ఇంజను చప్పుడు తగ్గించాడు.

సోమశిల దగ్గర అవతలి సిద్ధేశ్వరానికి తీగల వంతెన రాబోతోంది. 167కె జాతీయ రహదారి దాని మీదుగా పోతుంది. ఇక్కడ మనుషులు పడవల్లో దాటుతూ ప్రాణాలు పోగొట్టుకున్నారు. 2007 పడవ ప్రమాదం ఇంకా ఇక్కడివాళ్ల మాటల్లో వస్తుంది. అందుకే వంతెన కావాలి, మాట లేదు. నా కోరిక ఒక్కటే. ఇప్పుడున్న ఈ వంపుల రోడ్డును పాతదని వదిలేయకుండా, నడిచేవాళ్లకూ సైకిళ్లకూ ఉంచాలి. లారీలకు కొత్త రోడ్డు ఇచ్చి, పాత రోడ్డును మనుషులకు ఇస్తే దక్షిణ తెలంగాణలో ఇంతకంటే అందమైన సైకిల్ బాట ఇంకొకటి ఉండదు.

మధ్యాహ్నం ఒడ్డున చేపలు వేయించే గుడిసెల దగ్గర మావాడు రెండు ప్లేట్లు లాగించాడు. నాకు కార్తీకం, పెరుగన్నంతో సరి. సాయంత్రం అమరగిరి వైపు ఒక నాలుగు కిలోమీటర్లు తొక్కి, అడవి దగ్గరపడగానే వెనక్కి తిరిగాం. తంగేడు పూలు చాలావరకు రాలిపోయాయి. తీగ మీద పాలపిట్ట ఒకటి కూర్చుని ఉంది. లేచి రెక్కలు విప్పినప్పుడు ఆ నీలం చూడాలి. మావాడు బ్రేకు వేసి కాలు కింద పెట్టి, అది కనపడకుండా పోయేదాకా కదల్లేదు.

నాలుగో రోజు: సింగోటం – జొన్నలబొగుడ – అచ్చంపేట

నా దృష్టిలో ఈ యాత్ర మొత్తానికీ ఇదే అసలు రోజు.

కృష్ణా నీళ్లను ఎల్లూరు దగ్గర ఎత్తి, సింగోటం చెరువు నింపి, అక్కడి నుంచి కాలువలో జొన్నలబొగుడకు పంపి, మళ్లీ ఎత్తి గుడిపల్లిగట్టుకు తోలుతారు. ఇదీ మహాత్మాగాంధీ కల్వకుర్తి ఎత్తిపోతల పథకం. నీళ్లు మెట్టు మెట్టుగా పైకెక్కుతుంటే వాటి పక్కనే కట్ట బాట కూడా పోతుంది. కాలువ వాలు చాలా తక్కువ కాబట్టి బాట కూడా దాదాపు సమతలం. గుట్టల దేశంలో ఎత్తులు లేకుండా తొక్కడం అంటే అదృష్టమే.

సింగోటం లక్ష్మీనరసింహస్వామికి దండం పెట్టుకుని చెరువు కట్ట ఎక్కేసరికి ఆరున్నర. నీళ్ల మీద ఆవిరి లేస్తోంది. సంక్రాంతికి ఇక్కడ జాతర, కాలు పెట్టే చోటుండదు. ఇప్పుడు మేమిద్దరం, ఒక జాలరి. కాలువ మొదలయ్యాక నీళ్లు మాతో సమంగా పారుతున్నాయి. నీళ్ల మీద మోదుగాకు కొట్టుకొస్తుంటే దానితో పందెం పెట్టుకున్నాడు మావాడు. మెల్లగా తొక్కితే ఆకు గెలుస్తుంది, కొంచెం ఊపితే మనం గెలుస్తాం.

పది దాటాక పంక్చర్. వెనక టైరులో సర్కారు తుమ్మ ముల్లు. కాలువ గట్ల మీద ఈ కంప కొట్టి పక్కన పడేస్తారు, ఎండిన ముల్లు మేకులా నిలబడుతుంది. నేను సైకిల్ బోర్లించి, ట్యూబ్ బయటికి లాగి, గాలి కొట్టి, మావాడు ముంచి తెచ్చిన మగ్గు నీళ్లలో ట్యూబ్‌ను ముక్క ముక్కగా తిప్పాను. వాల్వు నుంచి జానెడు దూరంలో సన్నటి బుడగలు, చేప పిల్ల ఊపిరి తీసినట్టు. తుడిచి, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పూసి, అది తడి ఆరి జిగటగా అయ్యేదాకా ఆగాలి. తొందరపడి అతుకు వేస్తే ఊడిపోతుంది. ఆ ఐదు నిమిషాలు ఆగడం నేర్పించడమే కష్టం. ముల్లు తీయకుండా కొత్త ట్యూబ్ వేస్తే మళ్లీ అదే చోట దిగుతుంది. అందుకే టైరు లోపల గుడ్డతో తడిమి, విరిగిన మొనను పిన్నీసుతో లాగాం.

మేం అతుకు ఆరే దాకా కూర్చుంటే గొర్లు కాసే పెద్దమనిషి ఒకాయన వచ్చి పక్కన గొంతుకూర్చున్నాడు. డెబ్బై దాటి ఉంటాయి.

"యాడికెళ్లి వస్తున్నరు?"

"మదనాపురం నుంచి పెద్దనాయనా. కట్టల మీదికెల్లే వస్తున్నం."

"కట్టల మీదికెల్లా?" అని మట్టిని అరచేత్తో తట్టాడు. "ఇది మిషన్లతోని పోసిన కట్ట. మేం పోసినయి చూడలె. శ్రీశైలం కాడ మూడేండ్లు చేసిన. అటెంక కర్నాటక పోయిన, మారాష్ట్ర పోయిన. ఏడ డ్యాం అంటే ఆడికి. గంప మట్టి ఎత్తితే ఇంత, గుర్తు వెట్టుకునేటోల్లు. మా ఇంటిది గంపలు మోసింది, నేను తవ్విన."

పాలమూరు కూలీలంటే దేశమంతా తెలుసు. ఎక్కడ మట్టి పని ఉన్నా గుంపు మేస్త్రీ వెంట ఇక్కడి కుటుంబాలే పోయేవి. పరాయి నేలల్లో డ్యాములు కట్టినవాళ్ల సొంత చేలు ఎండి ఉండేవి. ఇప్పుడు ఆయన గొర్లు తాగుతున్నది కృష్ణా నీళ్లు.

"మీ కాలంల కట్ట గట్టిగ ఎట్ల అయ్యేది తాతా?" మావాడు అడిగాడు.

"పొర పోసుడు, నీల్లు చల్లుడు, తొక్కుడు. మల్ల పొర. మనుషులు తొక్కాలె, దున్నలు తొక్కాలె. ఎంత తొక్కితే కట్టకు అంత పానం." మా సైకిళ్ల వైపు చూసి, "మీరు గూడ తొక్కుతున్నరు గదా, మంచిదే," అన్నాడు.

జొన్నలబొగుడ తర్వాత పెద్దకొత్తపల్లి, లింగాల, బల్మూరు మీదుగా తారురోడ్డు. పత్తి ఏరే కూలీలను ఎక్కించుకున్న ఆటోలు తప్ప ట్రాఫిక్ లేదు. ఎదురుగాలి వల్ల అచ్చంపేట చేరేసరికి కాళ్లలో సత్తువ లేదు.

ఐదో రోజు: ఉమామహేశ్వరం – మన్ననూరు

శ్రీశైలం హైవే మీద తొక్కక తప్పని రోజు ఇది. కార్తీకంలో కార్లు ఎక్కువని తెలిసి చీకటి విడీ విడకముందే లేచి, వెనక ఎర్ర లైట్లు పెట్టుకుని పోయాం. అయినా హారన్లు, టెన్షన్ తప్పలేదు. నాలుగు రోజులు కట్టల మీద తిరిగి వచ్చినవాడికి పక్కనుంచి కారు దూసుకుపోతే గుండె జారినట్టు ఉంటుంది.

రంగాపూర్ దగ్గర పక్కకు తిరిగితే ఉమామహేశ్వరం. శ్రీశైలానికి ఉత్తర ద్వారం. నిలువు కొండ బండ కింద గుడి, బండ నుంచి ఏడాది పొడుగునా కారే నీళ్లు. పాపనాశనం అంటారు. దోసిలి పడితే చుక్క చుక్కగా నిండడానికి చాలాసేపు పట్టింది. నీళ్లు చల్లగా, కొంచెం రాతి రుచితో ఉన్నాయి.

మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర సైకిళ్లు ఆపేశాం. ఇక్కడి నుంచి అమ్రాబాద్ పులుల అభయారణ్యం. 2,611 చదరపు కిలోమీటర్లు. ఉమ్మడి రాష్ట్రంలో నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంలో భాగం, రాష్ట్రాలు విడిపోయాక వేరైంది. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా ఈ రోడ్డు మీద బండ్లను పోనివ్వరు. అటవీ శాఖ సఫారీ బండి ఎక్కి ఫరహాబాద్ పోయాం. ఒకప్పుడు నిజాం వేటకు వచ్చిన చోటు. అంచున నిలబడితే కింద నల్లమల ఆకుపచ్చగా, పొర వెనక పొరగా దిగంతం దాకా. 2019లో యురేనియం తవ్వకాల మాట వచ్చినప్పుడు జనమంతా ఎందుకు లేచి నిలబడ్డారో అక్కడ నిలబడితే వేరే చెప్పక్కర్లేదు.

మా గైడ్ చెంచు యువకుడు. పులి కనపడలేదు గానీ అతను చెట్టు బెరడు మీద గోళ్ల గీతలు, దుమ్ములో ఎలుగుబంటి అడుగు చూపించాడు. ఎలుగు వెనక పాదం మనిషి పాదంలాగే ఉంటుంది. మావాడు అడిగాడు, "అన్నా, సైకిల్‌కు పొగ రాదు, చప్పుడు రాదు కదా, లోపలికి పోనిస్తే ఏమైతది?"

"చప్పుడు రాకుంటేనే కష్టం తమ్మీ," అన్నాడు అతను. "బండి చప్పుడుకు ఎలుగొడ్డు ముందే పక్కకు పోతది. మేం నడిచేటప్పుడు మాట్లాడుకుంట, దగ్గుకుంట పోతం. సైకిల్ సప్పుడు లేకుండ ఉరికొచ్చి దాని ముందట పడ్డదనుకో, అది బెదిరి మీద పడ్తది. తప్పు దానిది గాదు."

సైకిల్ ఎవరికీ హాని చేయదని నేను ఇన్నేళ్లూ నమ్మాను. అడవికి అది కూడా సరిపోదని నాకు తెలియదు. అడవి లోపలి మట్టి బాటలు చూసి ఎంత మనసు లాగినా, వాటిని సైకిల్ దారుల మ్యాపులో గీయకూడదని ఆ పూట ఇద్దరం అనుకున్నాం. పెంటల్లో (అడవిలోని గూడేల్లో) ఉండే చెంచులకు నడక బాటలు, జంతువులకు వాటి బాటలు. మనకు కట్టలున్నాయి.

తిరిగి వస్తూ తేనె సీసా ఒకటి కొన్నాను, అక్కకు.

ఆరో రోజు: డిండి

మన్ననూరు నుంచి దిగుడు. తెల్లవారుజాము చలికి వేళ్లు బ్రేకుల మీద కొయ్యబారాయి. హాజీపూర్ దాటాక దొరికిన చోటల్లా ఊరి బాటలు పట్టుకుని డిండి చేరాం. దారిలో ఒక ముసలమ్మ బుట్టలో సీతాఫలాలు, చివరి కాపు. చిన్నవే, గింజ ఎక్కువ, కానీ తీపి అంటే ఆ తీపే. కన్ను విచ్చిన కాయలు ఏరి ఇచ్చింది.

డిండి ప్రాజెక్టు 1940లలో, నిజాం పాలనలో కట్టింది. పాలమూరు దాటి నల్లగొండ జిల్లాలోకి వచ్చేశాం. కట్ట ఒక పక్క రాతి కట్టుబడి, నీళ్లకు ఎదురుగా. కట్ట ఈ చివరి నుంచి ఆ చివరికి, మళ్లీ ఈ చివరికి తొక్కాం. సాయంత్రం బస్సుకు ఇంకా టైముంది.

తూము దగ్గర, పొలాలకు నీళ్లు వదిలే నీరటి కాలువ గడ్డి తీస్తున్నాడు. మావాడే దిగి పోయి అడిగాడు, "కాకా, ఇక్కడికెల్లి దేవరకొండకు హైవే ఎక్కకుండ పోయే బాట ఉన్నదా?"

ఆయన పార కింద పెట్టి, నడుముకు చేయి ఆనించి ఆలోచించాడు. "ఉన్నది. ఆ కాలువ పట్టుకోని పో. రెండో తూము కాడ మర్రిచెట్టొస్తది. అక్కడ ఎడమ దిక్కు డొంక. వాగుల నీల్లుంటయి ఇప్పుడు, సంక్రాంతి దాటితే ఆరుతది. దేవరకొండ కాడికెళ్లి నేరేడుగొమ్ము, ఆడికెల్లి వైజాగ్ కాలనీ దాకా సాగర్ నీల్ల ఒడ్డుకే పోవచ్చు. మా బామ్మర్ది సైకిల్ మీదనే పోయేటోడు చేపలకు."

మావాడు నోట్‌బుక్ తీసి, మర్రిచెట్టు గీసి, ఎడమకు బాణం గుర్తు వేశాడు. "సంక్రాంతి సెలవులు ఎన్ని రోజులు మామా?" అని అడిగాడు, తలెత్తకుండానే.